క్రిస్మస్‌ని క్రిస్మస్ దాకా దాచుకోవడం ఎలా? ఊరి లూథరన్ సంఘానికి ఒక మాజీ సెక్రటరీ మాటలు

ఈసారి సంఘ కమిటీలో మీ పేరు రాశారు. క్రిస్మస్ పనులు మీరే చూసుకోవాలన్నారు. "ఏముంది, స్టార్ కట్టడం, కేకు కోయడం, బిర్యానీ పెట్టడం" అని మీకు అనిపించి ఉంటుంది. మొదటి ఏడు నాకూ అలాగే అనిపించింది. తీరా డిసెంబరు 24 రాత్రి వచ్చేసరికి నా గొంతు పోయింది, డబ్బులు అయిపోయాయి, పిల్లలు బెంచీల మీద నిద్రపోయారు, పెద్దవాళ్లు ఆవలిస్తున్నారు. నెల రోజులుగా రోజూ క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి ఆ రాత్రి కొత్తగా చూడటానికి ఏం మిగులుతుంది?

గుంటూరు వైపు ఒక పల్లె సంఘానికి చాలా ఏళ్లు సెక్రటరీగా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు వారాల ఆగమన కాలం (అడ్వెంట్) అంటే దాచిపెట్టే కాలం. పాట, రంగు, బొమ్మ, తీపి, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. అది ఎలా చేయాలో వరసగా రాస్తాను. మీ ఊరికి పనికొచ్చినంత తీసుకోండి.

మొదటి పని: తేదీలు, అయ్యగారి టైము (అక్టోబరులోనే)

డిసెంబరు 25కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు ఆగమన ఆదివారాలు. 25నే ఆదివారం వస్తే దాన్ని లెక్కలో కలపకూడదు. అలా వెనక్కి లెక్కపెడితే మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబరు 27, డిసెంబరు 3 మధ్యలో పడుతుంది. 2026లో అది నవంబరు 29. సంఘ సంవత్సరం మొదలయ్యేది కూడా ఆ రోజే. జనవరి 1 మనకు క్యాలెండర్ ప్రకారమే కొత్త ఏడు.

2028లో కొంచెం తిరకాసు ఉంది. నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబరు 24న వస్తుంది. పొద్దున ఆగమన ఆరాధన, రాత్రి క్రిస్మస్ ఆరాధన. మధ్యాహ్నం ఒక్క పూటలో అలంకరణ అంతా మార్చాలి. ఆ ఏడు కమిటీలో ఎవరుంటారో వాళ్లకి ఇప్పుడే చెప్పి పెట్టండి.

తేదీల కంటే కష్టమైంది అయ్యగారి (పాస్టరు గారి) టైము. ఒక పారిష్ కింద నాలుగైదు ఊళ్లు ఉంటాయి, అయ్యగారు ఒక్కరే. అందరికీ 24 రాత్రి పన్నెండు గంటలకే కావాలి. అక్టోబరులో అన్ని ఊళ్ల సంఘ పెద్దలనీ ఒకచోట కూర్చోబెట్టి, ఏ ఊరికి ఏ పూటో కాగితం మీద రాయించండి. ఏడాదికోసారి ఊళ్లు మారేటట్టు వంతులు పెట్టుకుంటే గొడవ ఉండదు. ఆ పూట ప్రభు రాత్రి భోజనం (రొట్టె, రసం పంచే సంస్కారం) ఉందా లేదా అన్నది కూడా అప్పుడే అడగండి. అయ్యగారు రాలేని పూట ఊళ్లో వాక్యం చెప్పే ఉపదేశి గారు ఆరాధన నడుపుతారు, సంస్కారం మాత్రం అయ్యగారు వచ్చే రోజుకి ఉంచుకోవాలి.

ఒక ఏడు మాకు 25 తెల్లవారుజామున 5 గంటల పూట వచ్చింది. పెద్దలు అలిగారు. "మన ఊరంటే అంత అలుసా?" అన్నారు. ఆ రోజు పొగమంచులో మొదటి గంట కొట్టగానే, మంకీ క్యాపులు, దుప్పట్లు కప్పుకుని జనం లాంతరు వెలుగులో నడిచి రావడం చూశాక మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడు వాళ్లే ఆ పూట అడిగారు.

రెండో పని: డబ్బు

దీని గురించి ఎక్కువ చెప్పను. పండగ లెక్క సంఘం మామూలు లెక్కలో కలపకండి, విడిగా ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరిచ్చినా రసీదు ఇవ్వండి, పది రూపాయలైనా సరే. హైదరాబాదులో, దుబాయ్‌లో ఉండేవాళ్లు ఫోన్‌పేలో పంపుతారు. అది ఒకళ్ల సొంత నంబరుకు కాకుండా సంఘం బ్యాంకు ఖాతాకే పోయేటట్టు చూడండి, లెక్క మాత్రం పండగ పుస్తకంలో రాయండి. డబ్బు దగ్గర మాట పడితే ఆ మచ్చ పదేళ్లయినా పోదు.

మూడో పని: చక్రం తయారు చేయడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది, కొంచెం సావకాశంగా చెబుతాను.

ఆగమన చక్రం మన పల్లెల్లో పుట్టింది కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిచ్ విచెర్న్ అనే లూథరన్ పాస్టరు అనాథ పిల్లలకు ఆశ్రమం నడిపేవాడు. "క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు?" అని పిల్లలు ప్రాణం తీస్తుంటే, ఆయన ఒక పాత బండి చక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు గుచ్చాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించుకుంటూ పోతే పిల్లలే లెక్క పెట్టుకుంటారు. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగింది 1842 జూలై 31న, అంటే ఆ చక్రం పుట్టిన మూడేళ్లకి. ఆయన పెట్టెలో అది మాత్రం రాలేదు, ఇంకో 80, 90 ఏళ్లకు గానీ అది జర్మనీలోనే ఊరూరా పాకలేదు. మన సంఘాల్లో పెద్దవాళ్లు చాలామంది దీన్ని చిన్నప్పుడు చూసి ఉండరు. అందుకే కొత్తగా పెట్టేటప్పుడు "ఇది ఎక్కడి ఆచారం?" అని అడుగుతారు. బండి చక్రం కథ చెప్పండి, ఒప్పుకుంటారు. చక్రం అంటే మన రైతులకు వేరే వివరించక్కర్లేదు.

బండి చక్రాలు ఇప్పుడు దొరకవు కాబట్టి మేం సైకిల్ రిమ్ము వాడాం. ఇలా చేయండి:

సైకిల్ షాపులో పాత రిమ్ము అడగండి, ఊరికే ఇస్తారు. స్పోకులన్నీ తీయించండి. గరుకు కాగితంతో తుప్పు రుద్దేసి, చుట్టూ పాత చీర ముక్కలు బిగుతుగా చుట్టండి. లేకపోతే కొమ్మలు జారిపోతాయి.

ఆకుల సంగతి. మొదటి ఏడు మామిడాకులు కట్టాం, నాలుగు రోజులకే ముడుచుకుపోయాయి. తోరణానికి అవి బాగుంటాయి, నాలుగు వారాల చక్రానికి పనికిరావు. సరుగుడు కొమ్మలు మంచివి. బాపట్ల, చీరాల సముద్రం వైపు తోటలు బోలెడు ఉన్నాయి, అటు వెళ్లేవాళ్లెవరైనా ఒక మోపు తెస్తారు. జానెడు కొమ్మలుగా విరిచి, ఒకదాని మొదలు మీద ఇంకోదాని కొస వచ్చేటట్టు పేర్చుకుంటూ, తాపీ మేస్త్రీల దగ్గర దొరికే సన్నటి బైండింగ్ వైరుతో కట్టండి. రోజు మార్చి రోజు నీళ్లు చిలకరిస్తే పది రోజులు ఉంటాయి, కాబట్టి మధ్యలో రెండుసార్లు మార్చాలి. ఎండిన సరుగుడు అగ్గిపెట్టెతో సమానం. ఎండిన కొమ్మల మీద కొవ్వొత్తి వెలిగించొద్దు.

కొవ్వొత్తులు నిలబెట్టడానికి డబ్బా మూతలు నాలుగు తీసుకోండి. స్పోక్ రంధ్రాల్లోంచి సన్న బోల్టు పెట్టి ఒక్కో మూతని రిమ్ముకి బిగించండి. మైనం కరిగించి మూతలో పోసి, వేడిగా ఉండగానే కొవ్వొత్తి నిలబెట్టండి. కిరాణా షాపు సన్న కొవ్వొత్తులు ఒక్క ఆరాధనకే అయిపోతాయి, లావువి కొనండి. రంగు ఊదా గానీ నీలం గానీ. లూథరన్ సంఘాల్లో రెండూ వాడతారు, రంగు కోసం కొట్టుకోవద్దు. దొరక్కపోతే తెల్లవాటికి కింద ఊదా రిబ్బను చుట్టండి. మధ్యలో ఒక పెద్ద తెల్ల కొవ్వొత్తి ఉంటుంది, అది క్రీస్తు కొవ్వొత్తి. దాన్ని నిలబెట్టండి, కానీ 24 రాత్రి దాకా ముట్టించొద్దు.

చక్రాన్ని పైనుంచి వేలాడదీస్తే చూడటానికి బాగుంటుంది, కింద కూర్చున్నవాళ్ల తలల మీద మైనం పడుతుంది. ఆల్టరు (బలిపీఠం) పక్కన ఒక ఎత్తు స్టూలు మీద పెట్టండి. ముందు వరస ఫ్యాన్లు రెండూ ఆపించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మొదటి ఆదివారం మా కొవ్వొత్తి ఆరుసార్లు ఆరిపోయింది, ఏడోసారి ఎవరో ఫ్యాను వైపు చూశారు.

మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం రెండు, అలా పెరుగుతాయి. మొదటి కొవ్వొత్తి అన్ని వారాలూ వెలుగుతుంది కాబట్టి నాలుగో వారానికి అదే పొట్టిదవుతుంది. నాలుగూ మెట్లలా కనిపిస్తాయి. కొందరు "బాగాలేదు, కొత్తవి పెడదాం" అంటారు. పెట్టొద్దు. ఆ మెట్లే కదా మనం గడిపిన వారాలు.

ఎవరు వెలిగించాలి? సంఘ పెద్దలకే ఇవ్వాలన్న రూలేమీ లేదు. మొదటిది సంఘంలో అందరికంటే పెద్దావిడతో వెలిగించండి, నాలుగోది సండే స్కూల్ పిల్లలతో. మా ఊళ్లో ఒక ముసలమ్మ చేతులు వణుకుతూ మూడు పుల్లలు గీసింది, మూడూ ఆరిపోయాయి. వెనక నుంచి ఒకబ్బాయి సిగరెట్ లైటర్ తీసి పరుగెత్తుకొచ్చాడు. ఆమె వాడి వైపు చూసి, "ఉండరా అబ్బాయ్, నాకేం తొందర" అంది. నాలుగో పుల్లకి వెలిగింది. ఆ రోజు అయ్యగారి ప్రసంగంలో ఏం చెప్పారో ఎవరికీ గుర్తులేదు, ఆ మాట మాత్రం అందరికీ గుర్తుంది.

నాలుగో పని: ఆరాధనలో ఏం దాచాలి

ఆల్టరు గుడ్డ, ప్రసంగ వేదిక గుడ్డ కూడా చక్రం రంగులోనే ఉండాలి. తెల్లది ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టండి, దాని రోజు 24 రాత్రి.

అయ్యగారితో మాట్లాడి ఇంకోటి చేయండి. ఆరాధన క్రమంలో "కరుణించుము" తర్వాత పాడే మహిమ గీతం ఉంది కదా, బేత్లెహేము పొలంలో దూతలు పాడిన మాటలతో మొదలయ్యేది. ఆగమన వారాల్లో దాన్ని పాడకుండా ఉంచడం పాత లూథరన్ పద్ధతి. నాలుగు వారాలు నోరు కట్టుకుంటే, 24 రాత్రి గంట మోగుతుండగా అది పాడేటప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. క్రిస్మస్ పాటలు కూడా అంతే. కీర్తనల పుస్తకంలో రాకడ పాటలు విడిగా ఉన్నాయి, ఎవరూ పాడరు కాబట్టి మనకు రాగాలు రావు. నవంబరులో కోయిర్‌కి రెండు నేర్పించండి చాలు.

పాఠాలు చదివేవాళ్లకు వారం ముందే చీటీ ఇవ్వండి. లూథరన్ సంఘాల పాత పట్టిక (ఏటా అవే పాఠాలు వచ్చేది) ప్రకారం మొదటి ఆదివారం సువార్త మత్తయి 21, ప్రభువు గాడిద మీద యెరూషలేముకి రావడం. "ఇది మట్టల ఆదివారం పాఠం కదండీ, పొరపాటున ఇచ్చారా?" అని మీకు ఫోన్ వస్తుంది. మట్టల ఆదివారం ఈస్టరుకు వారం ముందు వచ్చేది కాబట్టి ఆ అనుమానం సహజమే, కానీ పొరపాటు కాదని చెప్పండి. ఆగమనం అంటేనే రావడం, రాజు వస్తున్నాడన్న కబురుతో మొదలవుతుంది. తర్వాత వారాల్లో చివరి దినాల మాట, బాప్తిస్మమిచ్చే యోహాను. పశువుల తొట్టె ఎక్కడా కనిపించదు. మీ అయ్యగారు మూడేళ్ల పట్టిక (మూడేళ్లకోసారి పాఠాలు తిరిగి వచ్చేది) వాడితే పాఠాలు వేరేగా ఉంటాయి, కానీ యోహాను మాత్రం రెండిట్లోనూ తప్పడు.

ఐదో పని: సెమీ క్రిస్మస్ టెన్షన్, బుధవారం ప్రార్థనలు

డిసెంబరు 1 నుంచి స్కూళ్లు, ఆఫీసులు, పార్టీలవాళ్లు అందరూ పండగకు ముందే సెమీ క్రిస్మస్ వేడుకలు పెడతారు. ఫ్లెక్సీ, కేకు, మైకు, శాలువాలు. కొన్నిచోట్ల ఆగమన కాలం మొదలవకుండానే అయిపోతుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. మీరు దాన్ని ఆపలేరు, ఆపాల్సిన పని కూడా లేదు. పిలిచినవాళ్లు ప్రేమగానే పిలుస్తారు. మీ కోయిర్‌ని రోజుకోచోటికి పంపి గొంతులు పాడుచేయకండి, అంతే. రెండో మూడో పిలుపులు ఒప్పుకుని మిగతావాటికి మర్యాదగా వందనాలు చెప్పండి. సంఘం తరఫున తప్పదంటే మూడో ఆదివారం తర్వాత ఒకటే పెట్టుకోండి.

దానికి బదులు బుధవారం రాత్రి ప్రార్థనలు పెట్టండి. వారం మధ్యలో ఆగమన ఆరాధన లూథరన్లకు పాత అలవాటే. మన ఊళ్లకు తగ్గట్టు దాన్ని ఇళ్లలో పెట్టుకోవచ్చు, వారానికొక పేటలో. డిసెంబరు అంటే వరి కోతలు, పత్తి తీతలు. పొలం నుంచి వచ్చి స్నానం చేసి అన్నం తినేసరికి ఏడున్నర అవుతుంది. కాబట్టి ఎనిమిదింటికి మొదలుపెట్టి ముప్పావు గంటలో ముగించండి. ఒక కీర్తన, ఒక పాఠం, పది నిమిషాల మాట, ప్రార్థన. ప్రతి ఇంట్లో టీ మాత్రమే అని ముందే ప్రకటించండి. మొదటింటివాళ్లు టీ, రెండోవాళ్లు సమోసా, మూడోవాళ్లు పులావు అని పోటీ మొదలైతే, నాలుగో ఇల్లు దొరకదు. లేనివాళ్ల ఇంట్లో కూడా ప్రార్థన జరగాలంటే టీ దగ్గరే ఆగాలి.

ఆరో పని: క్యారల్స్

క్యారల్స్ డిసెంబరు 15 తర్వాత మొదలుపెట్టి 22కి ముగించండి. 23 అందరికీ విశ్రాంతి. పేటలు పంచుకుని ముందే తిరిగే దారి గీయండి. "మా ఇంటికి రాలేదు" అన్న మాట ఏడాదంతా వినాల్సి వస్తుంది. సంఘానికి రావడం మానేసినవాళ్ల ఇళ్లు కూడా దారిలో పెట్టండి. ఆ ఇళ్ల ముందే ఎక్కువసేపు నిలబడాలని నా అభిప్రాయం.

డోలక్ ఒకటి, కంజిర, రెండు జతల తాళాలు, బ్యాటరీ స్పీకరు ఒకటి చాలు. ఇంటికి ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఒక పాట, ఒక వాక్యం, చిన్న ప్రార్థన. కానుక డబ్బా ఒకళ్లు పట్టుకుంటే పుస్తకం ఇంకొకళ్లు రాయాలి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. రాత్రి పదికి ఎక్కడున్నా ఆపేయండి.

ఆ ఏడు చావు జరిగిన ఇల్లు ఉంటే పగలే ఒక పెద్దమనిషి వెళ్లి అడగాలి: "రమ్మంటారా, వద్దంటారా?" చాలామంది రమ్మంటారు. డోలక్ లేకుండా, నెమ్మదిగా పాడి రండి. మంచం పట్టినవాళ్లుంటే గుంపంతా లోపలికి తోసుకుపోకండి, ఇద్దరు పిల్లల్ని పంపండి.

సరిగ్గా అదే రోజుల్లో ధనుర్మాసం మొదలవుతుంది. పక్క వీధిలో తెల్లవారుజామునే లేచి ముగ్గులు వేసేవాళ్లు, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు రాత్రి తొందరగా పడుకుంటారు. వాళ్ల వాకిట్లో డోలక్ మోత తగ్గించండి. మా ఊళ్లో క్రైస్తవుల వాకిళ్లలోనూ ముగ్గులుంటాయి. చుక్కల ముగ్గు మధ్యలో స్టారు, కింద "హ్యాపీ క్రిస్మస్". చీకట్లో దాన్ని తొక్కకుండా పోవడానికైనా మంచి టార్చిలైటు పట్టుకెళ్లండి.

క్రిస్మస్ తాత వేషం గురించి ఒక్క మాట. దూది గడ్డంతో కొవ్వొత్తి పట్టుకోనివ్వొద్దు. మా తాత గడ్డం ఒకసారి చివర అంటుకుంది. పక్కనున్నవాడు కండువాతో కొట్టి ఆర్పాడు, ఏం కాలేదు గానీ ఆ ఇంట్లో చంటిపిల్ల ఇప్పటికీ తాతంటే పారిపోతుంది. మీ పని క్యారల్స్ అయితే తాత లేకపోయినా నష్టం లేదని నేననుకుంటాను. యూత్ ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఏడో పని: పిల్లల నాటకం

లూకా 2:1–20 ఒక అమ్మాయితో చదివించండి, మిగతా పిల్లలు మాటలు లేకుండా నటించాలి. మాటలు పెడితే మైకు ఒకళ్ల నోటి నుంచి ఇంకొకళ్ల నోటికి అందేలోపు కథ చెడుతుంది. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. మరియ వేషానికి ఎప్పుడూ తగాదా వస్తుంది. పోయినసారి వేసిన పాపకు ఈసారి ఇవ్వం అని సెప్టెంబరులోనే రూలు పెట్టేయండి. గొర్రెల కాపరులకు బట్టలు కొనక్కర్లేదు, గొంగళి, చేతికర్ర, తలకు తువ్వాలు ఊళ్లోనే దొరుకుతాయి. బేత్లెహేము కాపరులను మన జనం వెంటనే గుర్తుపడతారు, రాత్రిపూట మందకాపలా అంటే ఏమిటో తెలిసినవాళ్లు కదా.

జీవాలను మాత్రం స్టేజీ ఎక్కించొద్దు. ఒక ఏడు మా యూత్ "సహజంగా ఉంటుంది" అని మేకపిల్లను తెచ్చారు. అది వచ్చీ రాగానే తొట్టెలో వరిగడ్డి తినడం మొదలుపెట్టింది. గడ్డి లాగుతుంటే పైనున్న బొమ్మ పక్కకు ఒరిగింది. యోసేపు వేషం వేసిన కుర్రాడు ఒక చేత్తో బొమ్మను, ఇంకో చేత్తో మేక చెవిని పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చదివే అమ్మాయి నవ్వాపుకోలేక "పొత్తిగుడ్డలతో" దగ్గర ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. బాగానే ఉంది గానీ, మేక తర్వాత సరుగుడు చక్రం వైపు నడిచింది.

ఎనిమిదో పని: ప్రేమ విందు

వంట మేస్త్రీకి మనిషి లెక్క చెప్పండి, ఇంటి లెక్క కాదు. మా లెక్క పులావుకైతే కిలో బియ్యం ఎనిమిది మందికి. కిలో కోడికూర ఆరుగురికి. బయటి ఊళ్ల నుంచి వచ్చే అల్లుళ్లను, మనవళ్లను కలుపుకుని పదిలో ఒక వంతు ఎక్కువ వేయండి. వడ్డన సంఘ పెద్దలే చేయాలి, వాళ్లు ఆఖరున తినాలి. పొరుగు హిందూ, ముస్లిం ఇళ్లను పిలవండి, శాకాహారం తినేవాళ్లకి విడిగా ఒక డేగిసా పెట్టించండి. అరిసెలు, గులాబి పువ్వులు ఆడవాళ్లు ఇళ్లలో చేసి తెస్తే కొనే పని తప్పుతుంది.

తొమ్మిదో పని: 24 రాత్రి

దాచినవన్నీ ఇప్పుడు తీయాలి.

మైకు అనుమతి ముందే పోలీస్ స్టేషన్‌లో అడిగి పెట్టుకోండి. శబ్ద కాలుష్యంపై 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా. కాబట్టి ఆరాధన పదిన్నరకు మొదలుపెట్టి, 12కి బయటి హారన్లు ఆపేసి, లోపల బాక్సు మాత్రం ఉంచండి. జనరేటరు ఉంటే డీజిల్ ఉందో లేదో సాయంత్రమే చూడండి. నేను ఒకసారి చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి ఊదా గుడ్డలు తీసి తెల్లవి వేయండి. పశువుల పాక అప్పటికే కట్టి ఉంటుంది, వరిగడ్డి, మట్టి బొమ్మలు. తొట్టె మాత్రం ఖాళీగా ఉండాలి. బాలయేసు బొమ్మ అమ్మగారి (అయ్యగారి భార్య) దగ్గర ఉంచండి. ఆరాధన మొదట్లో ఒక చిన్న పాప దాన్ని చేతుల్లో పెట్టుకుని నడవాలో వచ్చి తొట్టెలో పెడుతుంది. పాప పరుగెత్తకుండా వెనక వాళ్లమ్మ నడవాలి.

తర్వాత లైట్లన్నీ ఆపండి. నాలుగు కొవ్వొత్తులు వెలుగుతూ ఉంటాయి. మధ్యలో తెల్లది వెలిగించి, దాని నుంచి మొదటి వరసకు, వాళ్ల నుంచి వెనక వరసకు. ఒక చిట్కా: వెలుగుతున్న కొవ్వొత్తి నిటారుగా ఉంచి, వెలగనిదాన్ని వంచాలి. తిరగేస్తే చేతుల మీద మైనం పడుతుంది. ప్రతి కొవ్వొత్తికీ అట్టముక్క గుండ్రంగా కత్తిరించి గుచ్చండి, చిన్నపిల్లలకు ఇవ్వకండి, గుమ్మం దగ్గర రెండు బకెట్ల నీళ్లు పెట్టండి. అప్పుడు గంట కొట్టించి, నాలుగు వారాలు దాచిన మహిమ గీతం అందుకోండి.

సంస్కారం ఉంటే పాల్గొనేవాళ్ల పేర్లు ముందు ఆదివారమే రాయించుకోండి. రొట్టె, రసం లెక్క దాన్నిబట్టే. 24 రాత్రి ఎప్పుడూ కనిపించని ముఖాలు చాలా కనిపిస్తాయి, కాబట్టి ఇరవై మందికి ఎక్కువ సిద్ధం చేయండి.

పదో పని: 26 తర్వాత

26 పొద్దున్నే స్టార్ దించేయడం మన అలవాటు. దించొద్దు. క్రిస్మస్ కాలం 25న మొదలై పన్నెండు రోజులు ఉంటుంది, జనవరి 6 ఎపిఫనీ, అంటే తూర్పు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండగ. మన పాకలో జ్ఞానులు కాపరులతో పాటే నిలబడి ఉంటారు, మత్తయి సువార్తలో చూస్తే వాళ్లు తర్వాత వచ్చారు, అదీ ఒక ఇంటికి. మేం ముగ్గురు జ్ఞానుల బొమ్మల్ని 25న చర్చి కిటికీ మీద పెట్టేవాళ్లం. రెండు రోజులకోసారి పిల్లలు వాటిని కొంచెం ముందుకు జరుపుతారు. కిటికీ నుంచి హార్మోనియం మీదకు, అక్కడి నుంచి ముందు బెంచీ మీదకు. జనవరి 6కి పాక దగ్గరికి చేరతాయి. ఆ వారంలో సండే స్కూల్‌కి పిల్లలు గంట ముందే వస్తారు, ఈరోజు జరిపేది ఎవరో తేలాలి కదా.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఎలాగూ ఉంటుంది, దాని గురించి చెప్పక్కర్లేదు.

జనవరి మొదటి ఆదివారం ఆరాధన తర్వాత పండగ లెక్క చదవండి. మిగిలింది, తక్కువైంది, రెండూ చదవండి. మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఒక డబ్బాలో వేయండి, వచ్చే ఏడు మూతల్లో పోసే మైనం అదే. ఎండిన సరుగుడు కొమ్మలు ఊడదీసి, రిమ్ముకి కొబ్బరినూనె రాసి, తుప్పు పట్టకుండా పాత గోనెసంచిలో చుట్టి వెస్ట్రీలో (చర్చి సామాన్లు ఉంచే గదిలో) మేకుకి తగిలించండి. సంచి మీద మార్కర్‌తో రాయండి: మొదటి ఆదివారం, 2027 నవంబరు 28.